ఎర్రబండి ఎడమ కన్ను

నాకు కుదురు లేదు. మా నాయిన చిన్నప్పటి నుంచి అనీ అనీ ఈ మాట నా ఒంటికే అంటుకుపోయింది. కూసున్న కాడ కూసోను. ఛాయ్ చల్లారేదాక ఆగను, నాలుక కాల్చుకుంట. బస్సు ఆగకముందే లేచి డోర్ కాడ నిలబడుత. బండి బానెట్ లేపంగనే చెయ్యి లోపట పెడుత, బ్యాటరీ వైరు తీసిన్నా లేదా అన్నది తర్వాత యాదికొస్తది. బండ్ల కరెంటు పని చేసేటోళ్ళకు ఇది మంచి గుణం కాదు. బండ్లల్ల ఉండేది పన్నెండు వోల్టులే గాబట్టి ఇంకా బతికున్న.

సూర్యాపేటల పాత హైవే మీద మాది చిన్న షాపు. సెల్ఫ్ మోటర్లు, డైనమోలు, హారన్లు, వైరింగు. ట్రాక్టర్ నుంచి ఆటో దాక ఏదొచ్చినా కాదనం. మొదట్ల మా నాయిన ఒక్కడే చేస్తుండె. నేను డిగ్రీ తప్పి, ఇంట్ల ఊరికె ఉండలేక వచ్చి ఆయన పక్కన నిలబడ్డ. పెండ్లయింది, రెండేండ్లకే అది పెటాకులైంది, మళ్ళ వచ్చి అదే జాగల నిలబడ్డ. ఈసారి పానా చేతిలకు తీసుకున్న. లారీ డ్రైవర్లు మొదలు నవ్విన్రు, తర్వాత అలవాటు పడ్డరు. "అక్కా, జర తొందరగా సూడక్కా" అనే కాడికి వచ్చిన్రు. నాకు తొందర ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

మూడేండ్ల కింద నాయినకు పక్షవాతం వచ్చింది. మాట మిగిలింది, నడక మిగిలింది, కుడిచెయ్యి పోయింది. దవాఖానల నెల రోజులుండి వచ్చినంక షాపుల ఒక స్టూలు మీద కూసునుడు మొదలువెట్టిండు. వక్కాకు నములుకుంట నన్ను సూస్తడు. షట్టర్ తాళంచెవి మాత్రం తన అంగీ జేబుల నుంచి కదలనీయడు. రోజూ పొద్దున వంగి, ఎడమచేత్తోని ఆ తాళం తీసేసరికి ఐదు నిమిషాలు. చెవి జారుతది, కింద పడతది, మళ్ళ తీస్తడు. "ఇటు తే నాయినా" అంటే వినడు. నేను పక్కన కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుత. చెవి తిరిగినంక షట్టర్ లేపుడు మాత్రం నా పని.

ఆ చెవి నాకు కావాలె. సుట్టూ తిప్పి చెప్పుడెందుకు, మూడేండ్ల నుంచి నా కండ్లు దాని మీదనే ఉండె. ఎందుకంటే హైదరాబాదుల ఉండే మా అన్న, షాపును కిరాయికిద్దామని ఒక బేకరీ ఆయన్ని మాట్లాడి పెట్టిండు. "ఎన్ని రోజులు అది గ్రీసు చేతులేసుకోని రోడ్డు మీద కూసుంటది? ఆడపిల్ల నాయినా అది" అని ఫోన్ల ఒకటే పోరు. నాయిన అవుననడు, కాదనడు. "సూద్దాం" అంటడు. ఆ ఒక్క మాట తోని నాకు తిన్నది ఒంటికి పట్టకపోతుండె. ఏ బండి కింద పండుకున్నా, పైన బేకరీ బోర్డే కనబడుతుండె.

గసుంటప్పుడు వచ్చింది ఆ ఎర్రబండి. ఒకనాడు పొద్దున ట్రాలీ మీద తాళ్ళతోని కట్టుకోని తెచ్చిన్రు. మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటుది. ఇద్దరే పట్టే బండి, నా నడుము దాక కూడ రాదు ఎత్తు. జపానుల చేసిందట. ఎన్నో ఏండ్ల కింద సేటు వాళ్ళ చిన్నాయిన ముచ్చటపడి తెప్పించుకున్నడు, ఆయన పోయినంక మిల్లుల ఊక గది పక్కన తార్పాలిన్ కింద పడ్డది. ఇంజను పని, రంగు పని హైదరాబాదుల చేయించిన్రు. కండ్లు మిగిలినయి.

కండ్లు అంటే ముందు లైట్లు. అన్ని బండ్లకు ఉన్నట్టు దీనికి బయటికి కనబడయి. బానెట్ల మునిగి ఉంటయి, పైన ఎర్రటి మూత. లోపట స్విచ్ వేస్తే మూతతో సహా పైకి లేస్తయి, ఆపితే మళ్ళ పండుకుంటయి. ఒక్కో లైటుకు ఒక్కో మోటరు, దానికో ఇనుప చెయ్యి. కుడిది మంచిగనే లేస్తుంది. ఎడమది సగం లేచి, గజగజ వణికి, ఆగిపోతుంది.

సేటు నన్ను దాటి మా నాయిన దగ్గరికి పోయి నిలబడ్డడు. "హైదరాబాదోళ్ళు సామాను జపాను నుంచి రావాలె, రెండు నెలలు పడతదన్నరు పెద్దమనిషీ. నాకు తొమ్మిది రోజులే ఉన్నయి. కోదాడల నా బిడ్డె పెండ్లి. పిల్లగానోళ్ళది ఆ ఊరే. చిన్నప్పుడు ఊక గది కాడ ఈ బండ్లె కూసోని ఆడుకునేది. ఇది కండ్లు ఎప్పుడు తెరుస్తది నాయినా అని నన్ను సావగొట్టేది. నీ పెండ్లినాడు తెరిపిస్త అని మాటిచ్చిన. నీ చేతిల ఉంది."

నాయిన ఎడమచెయ్యి లేపి నన్ను సూపిచ్చిండు. "ఆమె చేస్తది."

సేటు ముఖం సూడాలె అప్పుడు! "ఆడపిల్లనా?"

"నేను ఈడనే కూసుంట గద" అన్నడు నాయిన.

ఆయన పోయినంక నాయిన నన్ను దగ్గరికి పిలిచిండు. "ఇగో బిడ్డా, ఈ బండి మాట రాకుంట ఇంటికి పోతే, ఆ బేకరీ ఆయనకు లేదని చెప్త. మాటొస్తే మాత్రం మీ అన్న చెప్పినట్టే. జర నిమ్మళంగ చెయ్యి." నిమ్మళంగ చెయ్యాల్నంట! ఆ మాట వినంగనే నాకు చేతులల్ల చీమలు పారినయి.

ఏం చేసిన్నో చెప్పమంటరా? డైరెక్ట్ కొట్టిన. మా పనిల ఇది అందరికీ అలవాటే. ఏదన్న మొండికేస్తే నడుమ ఉన్న స్విచ్‌లు, రిలేలు అన్నీ పక్కకు పెట్టి, బ్యాటరీ నుంచి సీదా వైరు గుంజి మోటరుకు ఇస్తం. లారీ హారన్‌కు నడుస్తది. దీనికి నడవదు. ఎందుకంటే లైటు పైకి రాంగనే కరెంటు ఆపే పలక ఒకటి ఆ మోటరు లోపట ఉంటది. నేను దాన్ని కూడ దాటేసిన. వైరు అంటిచ్చంగనే లైటు లేచింది, పడ్డది, లేచింది, పడ్డది. ఇగ ఆగదు. టపటప టపటప కన్ను కొడుతనే ఉన్నది.

పక్క పంక్చర్ షాపాయన ఉరికొచ్చిండు. ఛాయ్ బండి కాడి నుంచి గ్లాసులు పట్టుకోని పది మంది వచ్చిన్రు. "ఓ అక్కా, ఎవలకు కన్ను కొడుతుంది నీ బండి?" "నాకేరా, నిన్న పెసరట్టు తినిపిచ్చిన!" ఒక్కటే నవ్వులు. నేను వైరు గుంజుదామంటే కంగార్ల క్లిప్పు ఊడదు. ఒళ్ళు మండి, "నవ్వుడైతే నవ్వున్రి గని ఛాయ్ గ్లాసులు నా బండి మీద పెడితే మాత్రం చేతులు ఇరగ్గొడుత" అని అరిచిన. నాయిన స్టూలు మీది నుంచి లేవలే. "బ్యాటరీ కాడ తియ్యరాదు" అన్నడు మెల్లగ. అవును గద. అక్కడ తీసిన. బండి కన్ను సగం మూసుకోని ఆగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మధ్యాహ్నం నాయిన స్టూలు బండి ముందటికి జరుపుకున్నడు. "ముట్టకు. ముందు సూడు. కుడిది ఎట్ల లేస్తుందో సూడు, తర్వాత ఎడమది సూడు" అన్నడు. నేను చేతులు ఎనకకు కట్టుకోని సూసిన. చేతులు కట్టుకోని నిలబడుడంత కష్టం నాకు ఇంకోటి లేదు. ఇరవై సార్లు లేపి, దించి సూసినంక తెలిసింది. మోటరు తిరుగుతనే ఉంది, చెయ్యి మాత్రం నడుమల తిరుగుడు ఆపుతుంది. అంటే లోపట పళ్ళచక్రం అరిగింది. మోటరు ఇప్పితే అట్లనే ఉన్నది. తెల్ల ప్లాస్టిక్ చక్రం, ఒక పక్క పండ్లన్నీ పొడిపొడి.

కొత్తది దొరకదు. మిర్యాలగూడకు స్కూటర్ వేసుకోని పోయిన. అక్కడ రైస్‌మిల్లులకు పనిచేసే లేత్ షాపులు ఉంటయి, మిల్లుల ఏ చక్రం ఇరిగినా తెల్లారేసరికి కోసిస్తరు. పెద్ద లేత్ మీద కూసున్నాయన నా చేతిల చక్రాన్ని సూసి, నన్ను సూసి, "మీ నాయిన రాలేదా? కొలతలు ఎవరు చెప్పాలె?" అన్నడు. నేను చెప్త అంటే వినడు. నాయినకే ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చిన. నాయిన అటు నుంచి "ఆమె చెప్పినట్టే కొయ్యి" అన్నడట, ఆయన నోరు మూసుకోని కోసిండు. ఇత్తడి చక్రం. నేను నాలుగు గంటలు లేత్ పక్కనే నిలబడ్డ. "కూసో చెల్లె" అని మూడుసార్లు స్టూలు జరిపిండు పాపం.

ఆ చక్రం కూడ ఒక్క పొద్దుల కూసోలే. ఒకసారి మరీ గట్టిగ ఉంది, ఆకురాయితోని రుద్దిన. ఇంకోసారి రుద్దుడు ఎక్కువైందని మళ్ళ మిర్యాలగూడ ఉరికిన. ఎనిమిదో రోజు మధ్యాహ్నం స్విచ్ వేస్తే రెండు లైట్లు ఒక్కతీరుగ లేచినయి. సప్పుడు కూడ సన్నగ, జిమ్మని. దించిన. లేపిన. ఛాయ్ బండాయన చప్పట్లు కొట్టిండు. నాయిన ముఖంల నవ్వు ఎడమ పక్కకే వస్తది ఇప్పుడు, అయినా వచ్చింది.

ఇంతల మా అన్న ఫోన్. బేకరీ ఆయన ఆదివారం వచ్చి కొలతలు తీసుకుంటడట, గోడకు ఓవెన్ ఎక్కడ పెట్టాల్నో సూస్తడట. నాకు తిక్క రేగింది. షాపు ఎనకకు పోయి అరగంట కొట్లాడిన. "నేను సచ్చిన్నా? నన్ను అడగరా?" అని అరిస్తే లారీలు ఆపి సూసిన్రు జనం. కొట్లాడి వచ్చేసరికి సేటు డ్రైవరు ఛాయ్ తాగి బండి స్టార్ట్ చేస్తున్నడు. బండి ముందటి నోట్లె నుంచి ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు నల్లదారానికి వేలాడుతున్నయి. ఆ డ్రైవరే కట్టుకున్నడేమో అనుకున్న. ఆ కోపంల అంతకంటె ఎక్కువ ఆలోచించలే. నాయిన స్టూలు మీద కూసోని తుండుతోని మూతి తుడుచుకుంటున్నడు.

ఆ దారం సంగతి చెప్పాలె. మా షాపుల బాగైన ఏ బండి అయినా, నిమ్మకాయ మిరపకాయల దండ ముందట కట్టినంకనే గడప దాటాలె. ఇది నాయిన పెట్టిన పద్ధతి. నల్ల నైలాన్ దారం, గట్టి ముడి, మిగిలిన కొస కత్తెరతోని కత్తిరిస్తడు. చివ్వెంల నుంచి ట్రాక్టరోళ్ళు దానికోసమే మా కాడికి వస్తరు. "మీ దారం కట్టిన బండి దారిల నిలబడదు" అంటరు. నాయిన చెయ్యి పోయినంక కట్టుడు నా వంతుకు వచ్చింది. సగం రోజులు మరిచిపోత. పోయిన బండిని ఉరికి పట్టుకోని కట్టమంటడు, "ఇగ పోనీ నాయినా" అంట. ఆయన ఆ పూట నాతోని మాట్లాడడు. ఆనాడు ఎర్రబండికి కూడ మరిచిపోయిన.

తెల్లారి ఇద్దరం కోదాడ బస్సెక్కినం. సేటు మరీ మరీ పిలిచిండు. నేను పట్టుచీర కట్టుకున్న, చేతిసంచిల కుంకుమ భరిణె పక్కన టెస్టర్ పెట్టుకున్న. నాయిన తెల్లంగీ వేసిండు, జేబుల చెవి. బస్సుల నేను నాలుగుసార్లు సీటు మారిన. మునగాల దాటేసరికి కండక్టర్ "ఏందమ్మా, సీటు కింద ఏమన్న గుచ్చుకుంటుందా?" అన్నడు. "నీ మాటే గుచ్చుకుంటుంది" అంటే నవ్విండు. నాయిన కిటికీల నుంచి వరి మళ్ళు సూసుకుంట కూసున్నడు. ఆయనకేం, ఆయన పని ఎన్నడో ఒప్పజెప్పిండు అనుకున్న.

పెండ్లి మంచిగయింది, అన్నాలు తిన్నరు. నేను మాత్రం ఆకుల ఏం వడ్డిచ్చిన్రో సూడలే. అప్పగింతలైనంక పిల్లను, పిల్లగాణ్ణి ఎర్రబండి కాడికి తోలుకొచ్చిన్రు. పిల్ల ఏడ్చీ ఏడ్చీ ముఖం ఉబ్బి ఉంది, బండి సూడంగనే ఏడుపు ఆపి నవ్వింది. ఫంక్షన్ హాల్ ముందట వంద మంది ఫోన్లు పైకి లేపిన్రు. సేటు నా దిక్కు సూసి, "ఇగ తెరిపియ్యమ్మా" అన్నడు. నేను డ్రైవరుకు సైగ చేసిన.

కుడి కన్ను లేచింది. ఎడమది గుర్రుమని సప్పుడు చేసింది, వేలు మందం లేచింది, కాలిన వాసన వచ్చింది, అంతే. ఆగిపోయింది.

ముందు నవ్వులు వినబడ్డయి. "కన్ను కొట్టిందిరో!" తర్వాత ఎవరో ముసలమ్మ నోరు. "ఒంటికన్ను బండ్లె కూసోబెట్టి పంపుతరా పిల్లను? ఇదేం శకునం తల్లీ!" నవ్వులు ఆగినయి. సేటు ముఖం నల్లగయింది. పిల్ల మళ్ళ ఏడుపు ముఖం పెట్టింది.

నేను డ్రైవరు మీద పడ్డ. "ఎవడు ముట్టిండు దీన్ని? ఏం చేసినవ్?"

"నేనేం ముట్టుకోలేదక్కా" అన్నడు ఆ కోదాడ పిలగాడు, చేతులు పైకెత్తి. "నిన్న మునగాల దగ్గర టీకి ఆగితే అక్కడోళ్ళు అడిగారని రెండు మూడుసార్లు లేపి చూపించాను, బాగానే లేచింది. అంతకుమించి ఏం లేదు."

"ఎవడు సూపియ్యమన్నడు నిన్ను? ఇది సర్కస్సా? మా నెత్తి మీద చెయ్యి పెట్టిపోదామని తెచ్చినవా?" నోటికొచ్చినవన్నీ తిట్టిన. పాపం వాడు అందరిముందు తలకాయ వంచుకోని నిలబడ్డడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గయితది.

పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకోని మోకాళ్ళ మీద కూసున్న. బానెట్ లేపిన. ఆ మోటరుకు కింద రబ్బరు టోపీ తీస్తే చేత్తోని తిప్పే బిళ్ళ ఉంటది, కరెంటు పోయినా దానితోని లేపొచ్చు. తిప్పితే కదలదు. లోపట ఏదో పట్టేసింది. బంపరు నోట్లె నుంచి చెయ్యి దూర్చిన. నిమ్మకాయ తగిలింది. గుంజితే రాదు. నల్లదారం పైకి పోయి, ఇనుప చెయ్యికి సుట్లు సుట్లుగ చుట్టుకోని ఉంది. బండికి ముందట జాలీ లేదు, దారం కట్టే జాగే లేదు. అందుకని లైటు లేచి ఉన్నప్పుడు ఆ సందుల నుంచి చెయ్యి పెట్టి లోపటి పట్టీకి కట్టిన్రు. కొస కత్తిరియ్యలే, జానెడు వదిలేసిన్రు. లేపినప్పుడల్లా, దించినప్పుడల్లా ఆ కొస ఇంకో సుట్టు తిరిగింది.

ముడి దాక వేలు పోయింది. వదులు ముడి. మెడ వంచి సూసిన. కొస పండ్లతోని గుంజినట్టు నలిగి ఉంది. దాని మీద ఎర్రగ వక్కాకు మరక.

ఒక్క చెయ్యి, నోరు. గంతే. ఇంకెవరు గిట్ల కడుతరు?

నా చేతులు ఆగిపోయినయి. పుట్టిన కాడి నుంచి నేను ఒక జాగల కదలకుండ కూసున్నది అదే మొదటిసారి. నేను మరిచిపోతనని ఆయనకు తెలుసు. నేను షాపు ఎనక కొట్లాడుకుంట ఉంటే, ఆయన స్టూలు మీది నుంచి లేచి, వంగి, ఒక చేత్తోని నిమ్మకాయకు దారం గుచ్చి, నోటితోని ముడి గుంజిండు. బండికి మాట రావద్దని కట్టిండు. నా షాపు నాకు మిగలాల్నని కట్టిండు.

వంటోళ్ళ కాడ చాకు తెప్పిచ్చి దారం కోసిన. కాలిన ఫ్యూజు తీసి, వైపరు ఫ్యూజు ఊడబీకి ఆ జాగల పెట్టిన. లేచి స్విచ్ నేనే వేసిన. రెండు కండ్లు తెరుచుకున్నయి. ఈలలు, చప్పట్లు. పిల్ల గట్టిగ నవ్వి, "నాయినా, తెరిచింది!" అని చిన్నపిల్ల లెక్క అరిచింది. బండి కదిలి గేటు దాటేదాక అందరు అటే సూసిన్రు.

తర్వాత సేటు నా చేతిల ఉన్న దారం సూసిండు. "ఏందిది? ఎవరు కట్టిన్రు?"

డ్రైవరు లేడు, బండితోని పోయిండు. ఉన్నా వానికి తెలవదు, అప్పుడు ఛాయ్ బండి కాడ ఉన్నడు. నాయిన షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల కూసోని, ఎడమచేతిల మజ్జిగ గ్లాసు పట్టుకోని నా దిక్కే సూస్తున్నడు. మా నడుమ పది అడుగులు కూడ లేదు. బండికి మాటొస్తే బేకరీనే అని ఆయన అన్న మాట నాకు యాదికి ఉంది. లేకుండ ఎట్ల ఉంటది, తొమ్మిది రోజుల నుంచి అదే నా తలకాయల తిరుగుతుంది.

"నేనే కట్టిన సేటూ" అని చెప్పిన. "మా షాపు పద్ధతి. కట్టరాని కాడ కట్టిన. తప్పు నాదే."

"అందరు చెప్పిన్రు, ఆడపిల్ల చేతికి ఇయ్యకు అని. నేనే వినలే" అన్నడు సేటు. గట్టిగనే అన్నడు. "నా బిడ్డె పెండ్లిల నా పరువు కొంచెంల పోతుండె." అని పక్కకు పోయిండు.

నాయిన విన్నడు. వినకుండ ఎట్ల ఉంటడు? గ్లాసులకు సూసుకుంట కూసున్నడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల నేను సీటు మారలే. కోపంతోని బిగుసుకుపోయి కూసున్న. నిజం చెప్తున్న, ఆ గంట మా నాయిన మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే, ముఖం సూడబుద్ధి కాలే. నేనంటే ఆయన్ని కాపాడిన, సరే. ఆయన నోరు ఏమైంది? కుడిచెయ్యి పోయింది గని మాట పోలే గద! వందమందిల నన్ను అంటుంటే, మజ్జిగ తాగుకుంట కూసునుడా? కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, ఆపుకున్న.

మునగాల కాడ నాయిన చెయ్యి చాపిండు. "ఏదీ, ఆ దారం ఇటు తే."

సంచిల నుంచి తీసి ఇచ్చిన. ఇప్పుడు చెప్తడు, ఇప్పుడన్న చెప్తడు అనుకున్న. వేళ్ళ నడుమ తిప్పి తిప్పి సూసిండు. నలిగిన కొసను బొటనవేలితోని రుద్దిండు. మడిచి అంగీ జేబుల పెట్టుకోని, మళ్ళ కిటికీ దిక్కు తిరిగిండు. ఇంటికి పోయి అన్నం పెట్టిన, తిన్నడు. నేను తినలే. అన్న ఫోన్ చేస్తడు, బేకరీ ఖాయం చేసుకుంటరు, ఇగ అయిపోయింది అనుకుంట పండుకున్న.

పొద్దున లేచేసరికి నాయిన ఇంట్ల లేడు. ఎప్పుడూ ఇద్దరం కలిసే పోతం. చెప్పులు కూడ సరిగ్గ వేసుకోకుండ షాపు దాక ఉరికిన. షట్టర్ ముందట మెట్టు మీద కూసోని ఉన్నడు. తాళం అట్లనే ఉంది. తియ్యలే. నన్ను సూసి ఎడమచెయ్యి చాపిండు. చేతిల చెవి. దానికి నల్లదారం, ఆ దారమే, మెడల వేసుకునేటట్టు కట్టి ఉంది.

"తియ్యి" అన్నడు.

తీసిన. ఐదు నిమిషాలు కాదు, ఒక్క క్షణంల తాళం వచ్చింది. ఇంత తొందరగా రావద్దుండె అనిపిచ్చింది నాకు. ఆయన లేచి లోపలికి వచ్చి స్టూలు మీద కూసున్నడు. "బేకరీ లేదు, ఏం లేదు. మీ అన్నకు చెప్పిన" అన్నడు. స్టూలు సర్దుకోని, "ఇగ దారం నువ్వే కట్టు. మరిచిపోకు" అన్నడు. గంతే. నేను ఇంకేదో అంటడని నిలబడితే, "ఆ ట్రాక్టరాయన పొద్దటి సంది నిలబడ్డడు, సూడు పో" అని కసిరిండు.

నెల తర్వాత సేటు తన ఇంకో కారు తీసుకోని మిర్యాలగూడ నుంచి తనే నడుపుకుంట వచ్చిండు. హారన్ మోగుతలేదట. గింత పనికి అంత దూరం ఎవరన్న వస్తరా! నాయిన నీళ్ళు తాగనీకి లోపలికి పోయినప్పుడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డడు. "ఏమనుకోకమ్మా. పెండ్లినాడు సాయంత్రమే మీ నాయిన నాకు ఫోన్ చేసిండు."

"ఏమన్నడు?"

"'దారం కట్టింది నేను సేటూ' అన్నడు. 'నా బిడ్డె పదిమందిల నా చెయ్యిని కాపాడింది. నా చెయ్యి ఇగ పనికి రాదని ఒప్పుకునే ధైర్యం లేక, నేను దాని ముఖం మీద మాట పడనిచ్చిన' అన్నడు. ఏడ్చిండమ్మా పెద్దమనిషి. నీకు చెప్పొద్దన్నడు."

నేను బానెట్లకు వంగి హారన్ వైరు వెతుకుతున్నట్టు చేసిన. వైరు కండ్ల ముందటనే ఉంది. నాకే కనబడలే. నాయిన మూతి తుడుచుకుంట బయటికొచ్చి, "ఏంది ఇంకా కాలేదా? ఊరికె కంగారే గని పని లేదు దీనికి" అన్నడు. "అయితుంది ఆగరాదు" అని నేను కూడ కసిరిన.

ఇప్పుడు మా షాపు నుంచి ఏ బండి పోయినా దారం కడుత. గట్టి ముడి వేస్త, కొస కత్తిరిస్త, రెండుసార్లు గుంజి సూస్త. నా మెడల చెవికి ఉన్న ముడి మాత్రం ఆయన కట్టిందే, ఒక చేత్తోని, నోటితోని. అది వదులుగనే ఉంది. ఎక్కడ ఊడిపోతదో అని రోజుకు పదిసార్లు తడుముకుంట. బండి కింద పండుకున్నా తడుముకుంట, బస్సుల కూసున్నా తడుముకుంట. విప్పి మళ్ళ గట్టిగ కట్టుకుంటే అర నిమిషం పని. చేతులు రావు.